మీకు తెలుసా? మన కంచాన్ని కొలిచి చూసిన ప్రయోగాలు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే చాలు, తిండి గురించి ఏదో ఒక సలహా కనిపిస్తుంది. అన్నం మానేయమని ఒకరు, పరగడుపున నెయ్యి తాగమని ఇంకొకరు, ఫలానా మాత్ర వేసుకుంటే ముసలితనమే రాదని మరొకరు. వీటిలో ఎన్నిటిని మనుషుల మీద పరీక్షించి చూశారు? నిజానికి తిండినీ ఆరోగ్యాన్నీ ఓపికగా కొలిచి, పోల్చి, రాసిపెట్టిన పరిశోధనలకు కొదవ లేదు. వాటిలో కొన్ని హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే జరిగాయి. ఇంట్లో పెద్దవాళ్ళకు అన్నం పెట్టే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే సంగతులివి.

తినే తీరు

1. తొలి ఆహార పరీక్షల్లో ఒకటి ఓడలో జరిగింది

1747 మే నెలలో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో 12 మంది నావికులు స్కర్వీతో మంచాన పడ్డారు. చిగుళ్ళు కుళ్ళి, మోకాళ్ళలో సత్తువ పోయింది. ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్ వాళ్ళను ఇద్దరిద్దరు చొప్పున 6 జట్లు చేశాడు. అందరికీ రోజువారీ తిండి ఒకటే పెట్టించి, దానికి తోడు ఒక్కో జట్టుకు ఒక్కో చికిత్స ఇచ్చాడు. ఒక జట్టుకు వినెగర్, ఒక జట్టుకు సముద్రపు నీరు, ఒక జట్టుకు నారింజలు, నిమ్మపండ్లు. పండ్లు తిన్న ఇద్దరిలో ఒకడు ఆరు రోజుల్లోనే డ్యూటీకి లేచాడు. రెండోవాడు మిగతా రోగులకు సేవ చేసే స్థితికి వచ్చాడు. అయినా బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. ఒకే రకం మనుషులను జట్లుగా విడదీసి, ఒక్క విషయం మాత్రమే మార్చి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటం అనే పద్ధతికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. ఏ ఆహార సలహా విన్నా ముందు అడగాల్సింది ఇదే: దేనితో పోల్చి చెబుతున్నారు?

2. లెక్క ఒకటే అయినా ప్యాకెట్ తిండి ఎక్కువ తినిపిస్తుంది

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని 4 వారాల పాటు ఆసుపత్రిలోనే ఉంచింది. రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి. ముందు పెట్టిన రెండు రకాల భోజనాల్లోనూ కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానం. ఎంత తినాలన్నది మాత్రం వాళ్ళ ఇష్టం. 2019లో వెలువడిన ఫలితం చూడండి. ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో 0.9 కిలో బరువు పెరిగారు. మామూలు తిండికి మారగానే దాదాపు అంతే తగ్గారు. ప్యాకెట్ తిండిని వాళ్ళు త్వరత్వరగా తినేశారని కూడా గమనించారు. కాబట్టి ప్యాకెట్ వెనక ఉన్న పోషకాల పట్టిక ఒక్కటే చదివితే సరిపోదు.

3. ఏది ముందు తిన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది

2015లో న్యూయార్క్‌లో టైప్ 2 మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు, రెండు వరసల్లో పెట్టారు. ఒకరోజు ముందు బ్రెడ్, నారింజ రసం, ఆ తర్వాత కోడిమాంసం, కూరగాయలు. ఇంకోరోజు ముందు మాంసం, కూరగాయలు, 15 నిమిషాల తర్వాత బ్రెడ్, రసం. కూరగాయలు ముందు తిన్న రోజు గంట తర్వాత రక్తంలో చక్కెర 37 శాతం తక్కువగా ఉంది. చిన్న పరీక్షే, కానీ ఖర్చు లేని అలవాటు. అన్నం కలుపుకునే ముందు కంచంలోని కూర, ఓ గిన్నెడు పప్పు తినడం మన వంటింట్లో కష్టమేమీ కాదు.

4. భోజనం తర్వాత 15 నిమిషాల నడక

అరవై దాటి, పరగడుపు చక్కెర కాస్త ఎక్కువగా ఉన్న 10 మందిని 2013లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. మూడు పూటలా భోజనం తర్వాత 15 నిమిషాల చొప్పున నడిచినా, పొద్దున్నే ఏకబిగిన 45 నిమిషాలు నడిచినా 24 గంటల చక్కెర సగటు దాదాపు ఒకేలా మెరుగుపడింది. రాత్రి భోజనం తర్వాత పెరిగే చక్కెరను అదుపులో ఉంచడంలో మాత్రం భోజనానంతర నడకే గెలిచింది. ముప్పావు గంట ఒకేసారి నడవలేని పెద్దవాళ్ళకు ఇది మంచి కబురు.

5. అన్నం తిన్న వెంటనే టీ వద్దు

టీ, కాఫీల్లో ఉండే పదార్థాలు తిండిలోని ఇనుమును సరిగ్గా ఒంటబట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. దీనికి సరిగ్గా ఎదురు పని చేసేది సి విటమిన్. ఆకుకూర పప్పులో కాస్త నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. రక్తహీనత ఉన్న ఇంట్లో ముందు మార్చుకోవాల్సిన అలవాట్లు ఈ రెండూ.

6. ఉప్పు మార్చితే పక్షవాతం తగ్గింది

చైనాలో 600 పల్లెల్లో 20,995 మందితో ఐదేళ్ళ దాకా సాగిన పరీక్ష ఇది. వీళ్ళంతా గతంలో పక్షవాతం వచ్చినవాళ్ళు, లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్ళు. సగం పల్లెలకు మామూలు ఉప్పు, మిగతా సగానికి 75 శాతం మామూలు ఉప్పులో 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. 2021లో ఫలితాలు వచ్చాయి. మార్చిన ఉప్పు వాడిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. వంటా మారలేదు, రుచీ పెద్దగా మారలేదు. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకూ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకూ పొటాషియం ప్రమాదం కావచ్చు. డాక్టర్‌ను అడగకుండా ఇలాంటి ఉప్పు కొనకూడదు. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. అంటే సుమారు ఒక చెంచాడు. ఊరగాయ, అప్పడం, వడియం రోజూ ఉండే మన ఇళ్ళలో ఆ చెంచా ఎక్కడ నిండిపోతోందో చూసుకోవాలి.

వయసూ తిండీ

7. ఒక పూట ఉప్మా, పదిహేనేళ్ళ తర్వాత ఫలితం

1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరీక్ష చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకూ, పసిపిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. అప్పటికింకా ఆ పథకం అందని పల్లెలతో పోల్చారు. అసలు విశేషం తర్వాత మొదలైంది. 2003-05 మధ్య పరిశోధకులు మళ్ళీ అవే ఊళ్ళకు వెళ్ళి, అప్పటి పసివాళ్ళను 13 నుంచి 18 ఏళ్ళ వయసులో పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసుతనం తక్కువగా ఉంది. మధుమేహం, గుండెజబ్బు ముసలితనంలో బయటపడతాయి గానీ, వాటి పునాది తల్లి కడుపులోనే పడుతుంది. అంగన్‌వాడీలో గరిటెడు ఉప్మా వడ్డించే కార్యకర్త చేస్తున్నది ఎంత పెద్ద వైద్యమో ఈ లెక్కలు చెబుతున్నాయి.

8. కరువు కడుపులోని బిడ్డనూ వదలదు

పై సంగతికి ఇది రెండో ముఖం. 1944-45 చలికాలంలో జర్మన్ సేనల దిగ్బంధంతో పశ్చిమ నెదర్లాండ్స్‌లో తిండి కరువైంది. ఒక దశలో మనిషికి రోజుకు 400 నుంచి 800 కేలరీల రేషన్ మాత్రమే దొరికింది. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవాళ్ళను యాభై ఏళ్ళ వయసులో పరీక్షిస్తే చక్కెరను అదుపు చేసుకునే శక్తి తక్కువగా కనిపించింది. గర్భం తొలినాళ్ళలోనే కరువును చూసినవాళ్ళలో గుండెజబ్బులు కూడా ఎక్కువగా ఉన్నాయి.

9. ఎనభై ఏడేళ్ళకూ కండ పెరుగుతుంది

వయసు మీదపడ్డాక బలం రావాలంటే టానిక్ పొడి పాలలో కలిపి తాగితే చాలని చాలామంది నమ్మకం. 1994లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటు వయసు 87 ఏళ్ళున్న 100 మంది మీద దీన్నే పరీక్షించారు. కొందరికి బరువులతో కాళ్ళ వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. 10 వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్ళ కండరాల బలం 113 శాతం పెరిగింది. చేయనివాళ్ళలో పెరిగింది 3 శాతమే. పానీయం ఒక్కటే తాగినవాళ్ళ బలహీనత తగ్గలేదు.

అంటే తిండి అక్కర్లేదని కాదు. 65 దాటినవాళ్ళకు కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. 55 కిలోల అమ్మమ్మకు ఇది 55 నుంచి 66 గ్రాములు. వయసుతో పాటు ఆకలి తగ్గి, అన్నం తగ్గిస్తే తగ్గించవచ్చు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప తగ్గకూడదు. వాటికి తోడు కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చునే పాటి వ్యాయామమైనా ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ప్రోటీన్ ఎంతన్నది డాక్టర్‌తోనే తేల్చుకోవాలి.

10. ముసలితనంలో దాహం సరిగ్గా చెప్పదు

1984లో ఏడుగురు వృద్ధులనూ, ఏడుగురు యువకులనూ 24 గంటలు నీళ్ళు లేకుండా ఉంచి చూశారు. అందరూ ఆరోగ్యవంతులే. నీటి లోటు పెద్దవాళ్ళ ఒంట్లోనూ ఏర్పడింది, కానీ వాళ్ళకు దాహం పెద్దగా వేయలేదు. నీళ్ళు ఇచ్చాక కూడా యువకుల కంటే తక్కువే తాగారు. మన వేసవి వడగాలుల్లో దీని అర్థం స్పష్టం. తాతయ్య దాహం అనడం లేదు కదా అని ఊరుకోకూడదు. వేళకు మంచినీళ్ళు, మజ్జిగ చేతికి అందించాలి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీటిని పరిమితం చేసినవాళ్ళకు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే కొలత.

11. తక్కువ తింటే ఎక్కువ కాలం బతుకుతామా?

1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే ఎలుకలకు తిండి తగ్గించి, పోషకాలు మాత్రం తగ్గకుండా చూస్తే ఎక్కువ కాలం బతికాయని చూపించాడు. మనుషుల్లో దీన్ని అమెరికాలో క్యాలరీ అనే పరీక్షలో రెండేళ్ళ పాటు చూశారు. ఊబకాయం లేని, 50 ఏళ్ళు దాటని సుమారు 220 మంది పాల్గొన్నారు. 25 శాతం తగ్గించాలన్నది లక్ష్యం, తగ్గించగలిగింది దాదాపు 12 శాతం. బీపీ, చెడు కొలెస్ట్రాల్ తగ్గాయి. వయసు మీదపడే వేగం 2 నుంచి 3 శాతం నెమ్మదించినట్టు వాళ్ళ రక్త నమూనాల మీద 2023లో వచ్చిన విశ్లేషణ చూపింది. అయితే ఎముకల సాంద్రతా, కండా కూడా కొంత తగ్గాయి. ఇప్పటికే చిక్కిపోయిన పెద్దవాళ్ళను పస్తులుంచడానికి ఈ పరీక్షను సాక్ష్యంగా చూపడం తప్పు.

12. క్యారెట్‌లోని మేలు మాత్రలో దొరకలేదు

పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించడంతో క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే మేలని శాస్త్రవేత్తలు ఆశించారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషుల్లో సగం మందికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు ఆ మాత్ర ఇచ్చి చూశారు. 1994లో ఫలితం అందరినీ నివ్వెరపరిచింది. మాత్ర వేసుకున్నవాళ్ళలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఈ పరీక్షే చేయకపోయి ఉంటే ఆ మాత్రను మంచిదనుకుని కోట్లమంది మింగేవాళ్ళు.

తెలుగు నేలతో ముడిపడ్డవి

13. జొన్న మీదే బతికిన ఇళ్ళలో ఒక జబ్బు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడు కూనూరులో, రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి పరిశోధన కోసం తెరిచిన ఒక్క గదిలో పుట్టింది. 1958లో హైదరాబాద్ చేరింది. ఇక్కడికి వచ్చాక ఎదురైన సమస్యల్లో పెల్లాగ్రా ఒకటి. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దీని లక్షణాలు. అమెరికాలో మొక్కజొన్న తినే పేదల్లో ఈ జబ్బుకు తిండిలో లోటే కారణమని, అంటువ్యాధి కాదని 1915 ప్రాంతంలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ రుజువు చేశాడు. అంటదని చూపించడానికి రోగుల రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు కూడా. దక్కనులో అదే జబ్బు జొన్న ప్రధానంగా తినేవాళ్ళలో కనిపించింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణమని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది. ఇప్పుడు జొన్నరొట్టెను మళ్ళీ ఇష్టంగా తింటున్నాం, మంచిదే. కీడు జొన్నలో లేదు, పప్పూ కూరా పాలూ లేకుండా ఒకే గింజ మీద బతకాల్సిన పేదరికంలో ఉంది.

14. భీమవరం బిడ్డ, శ్రీకాకుళం బిడ్డ

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. ఆయన నాయకత్వంలోనే అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఆ జబ్బుకు మందుగా పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భం రాకముందు నుంచే ఆ మాత్ర వేసుకుంటే, అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న తల్లులకు అదే లోపం మళ్ళీ రాకుండా 72 శాతం కాపాడవచ్చని 1991లో ఏడు దేశాల పరీక్ష తేల్చింది.

1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మరో పరీక్ష మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. అయోడిన్ అందినచోట పిల్లల్లో గొంతువాపు బాగా తగ్గిపోయింది. ఇవాళ దేశమంతా వాడుతున్న అయోడైజ్డ్ ఉప్పు వెనక ఆ లోయలో తేలిన సాక్ష్యం ఉంది.

తిండి భద్రత

15. బూజు పట్టిన గింజ కాలేయాన్ని తింటుంది

1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్ళు కుప్పకూలాయి. కారణం వెతికితే దాణాలో కలిపిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజు తేలింది. ఆ విషమే అఫ్లాటాక్సిన్. 1974లో గుజరాత్ పంచమహల్, రాజస్థాన్ బాన్స్‌వాడా ప్రాంతాల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లు ముదిరి చనిపోయారు. ఆ మరణాల వెనక ఈ విషమే ఉందని తేల్చింది హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. వేయించినా ఉడికించినా ఇది పూర్తిగా పోదు. పల్లీలు పండించే రాయలసీమలోనైనా, కొనుక్కునే నగరంలోనైనా సూత్రం ఒకటే. కాయను బాగా ఎండబెట్టాలి. ముడతలు పడ్డవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. పొదుపని వాటిని చట్నీలోకి నూరకూడదు.

16. చల్లారిన అన్నంలో మేలూ ఉంది, కీడూ ఉంది

వండిన అన్నాన్ని 24 గంటలు 4 డిగ్రీల చలిలో ఉంచి మళ్ళీ వేడి చేసి తింటే, అప్పుడే వండిన అన్నం కంటే చక్కెర తక్కువగా పెరిగిందని 2015లో ఇండోనేషియాలో 15 మంది మీద చేసిన పరీక్ష చూపింది. చల్లబడేటప్పుడు పిండిపదార్థంలో కొంత భాగం అరగని రూపంలోకి మారుతుంది. కానీ అదే అన్నాన్ని పొయ్యి గట్టు మీద గంటల తరబడి వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు ఉడుకును తట్టుకుంటాయి. అది విడిచే వాంతుల విషం మళ్ళీ వేడి చేసినా పోదు. 1970ల తొలినాళ్ళలో బ్రిటన్ హోటళ్ళ ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు ఇలాగే వాంతులతో జబ్బుపడ్డారు. మజ్జిగ పోసి పులియబెట్టే మన చద్దన్నంలో పులుపు ఈ జీవికి కొంత అడ్డు వేస్తుంది. పులియబెట్టని మిగులు అన్నాన్ని మాత్రం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.

17. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే సూక్ష్మజీవి

ఫ్రిజ్‌లో పెట్టాక ఇక భయం లేదనుకోవద్దు. లిస్టీరియా చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది. గర్భిణులకు, పసివాళ్ళకు, 65 దాటినవాళ్ళకు దీనివల్ల ప్రాణాపాయం. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే తినడానికి సిద్ధంగా అమ్మే మాంసం ద్వారా ఇది 1,060 మందికి సోకింది, 216 మంది చనిపోయారు. మిగిలిన కూరను రోజుల తరబడి దాచకుండా, తినేముందు పొగలు కక్కేలా వేడి చేయడమే రక్ష.

18. పసుపుకు పట్టిన సీసాన్ని రెండేళ్ళలో వదిలించారు

బంగ్లాదేశ్‌లో వెలసిన పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి వ్యాపారులు లెడ్ క్రోమేట్ రంగు పూసేవారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పరిశోధకులు 2019లో ఈ సంగతి బయటపెట్టాక ప్రభుత్వం మార్కెట్లలోకి పరీక్ష యంత్రాలతో వెళ్ళింది, జరిమానాలు వేసింది, ప్రజలకు చెప్పింది. సీసం బయటపడిన నమూనాలు 2019లో 47 శాతం. 2021కి ఒక్కటీ లేదు. కల్తీ మన తలరాత కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కొనేవాళ్ళుగా మనం చేయగలిగింది, మరీ మెరిసే పసుపు కోసం ఆరాటపడకపోవడం.

ఎవరిని నమ్మాలి?

19. తన తప్పు తానే దిద్దుకున్న పరిశోధన

స్పెయిన్‌లో సుమారు 7,400 మందితో ప్రెడిమెడ్ అనే పరీక్ష జరిగింది. ఆలివ్ నూనె, లేదా గింజపప్పులు ఎక్కువగా ఉండే మధ్యధరా భోజనం గుండెజబ్బుల్ని, పక్షవాతాన్ని సుమారు 30 శాతం తగ్గిస్తుందని 2013లో ప్రకటించారు. కొన్ని కేంద్రాల్లో మనుషులను జట్లుగా విడదీయడంలో పొరపాటు జరిగిందని తర్వాత బయటపడింది. ఒకే ఇంటివాళ్ళందరినీ ఒకే జట్టులో వేసేశారు. 2018లో పరిశోధకులు ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ వేసి, లోపాన్ని పేరుపెట్టి చెబుతూ తిరిగి ప్రచురించారు. ఫలితం దాదాపు అదే వచ్చింది, కానీ ఈసారి మరింత జాగ్రత్తగల మాటల్లో చెప్పారు.

మనం ఎవరిని నమ్మాలో ఈ ఉదంతం చెబుతుంది. ఎంతమందిని చూశారో, ఎంతకాలం చూశారో, ఎక్కడ పొరబడ్డారో బయటికి చెప్పేవాళ్ళ మాటకు విలువ ఇవ్వాలి. అవేవీ చెప్పకుండా ఒక పొడినో, ఒక గింజనో సర్వరోగ నివారిణి అనేవాళ్ళ మాట విని అమ్మానాన్నల కంచంలోంచి పప్పు, పెరుగు, పండు తీసేయకండి.